దోసకాయల సీసా

నేలమాళిగలో సీసాలు లెక్కపెడితే ఒకటి తగ్గింది.
బ్యూక్ బానెట్ ఎత్తితే అక్కడ దొరికింది:
బ్యాటరీ పక్కన, పాత బెల్టుతో కట్టి,
లోపల వంటసోడా కలిపిన నీళ్ళు,
మా పాత సింకు కోసి చేసిన ఎనిమిది స్టీలు రేకులు,
మూతలోంచి చేపలతొట్టి గొట్టం ఒకటి
ఇంజను ముక్కులోకి.

"ఇక కారు నీళ్ళతో నడుస్తుందా?" అన్నాను.
"నీళ్ళతో కాదు డార్కా, నీళ్ళ సాయంతో"
అన్నాడు ఒరెస్ట్,
ఈనిన ఆవు పక్కన నిలబడ్డట్టు నిలబడి.

ఆ వేసవి పెట్రోలు లీటరు డాలరూ నలభై.
కనోరా బంకు దగ్గర మగవాళ్ళు
ధరల బోర్డు కింద టోపీలు తీసి నిలబడేవాళ్ళు,
ఎవరో పోయినట్టు.
ఒకాయన మూడొందలు పోసి కిట్టు కొన్నాడు.
మా ఆయన దాన్ని పది నిమిషాలు చూసొచ్చి
సింకు కోశాడు.

ఆదివారం భోజనంలో మా అక్క కొడుకు నెస్టర్,
బళ్ళో సైన్సు చెప్పేవాడు, ఫోర్కు కింద పెట్టాడు.
"బాబాయ్, ఇంజను ఆల్టర్నేటర్ని తిప్పాలి,
అది బ్యాటరీకి మేత వెయ్యాలి,
బ్యాటరీ నీళ్ళని చీల్చాలి,
చీలిన గాలిని మళ్ళీ ఇంజనే తినాలి.
చెయ్యి మారినచోటల్లా కొంత రాలిపోతుంది.
అసలు నీళ్ళంటే ఎప్పుడో కాలిపోయిన హైడ్రోజనే.
బూడిదని మళ్ళీ కట్టె చేస్తానంటున్నావు,
సరే,
ఆ ఒక్క కట్టెకి ఎన్ని కట్టెలు కాల్చాలి?"

ఒరెస్ట్ మీగడ గిన్నె వాడి వైపు జరిపాడు.
"లెక్క నోట్లో కాదురా, పుస్తకంలో."

పుస్తకం నాది.
ధాన్యం గిడ్డంగిలో ముప్పై ఏళ్ళు
తూకం చీట్లు రాసిన చెయ్యి.
సీసాకి ముందు, వంద కిలోమీటర్లకి పదమూడు లీటర్లు.
సీసా తర్వాత పదకొండు.
కొట్టేసి మళ్ళీ వేశాను. పదకొండే.

అక్టోబరులో ఒక రాత్రి దారి మధ్య
హెడ్‌లైట్లు కళ్ళు మూసి తెరిచాయి.
నా ఒళ్ళో గుడ్ల ట్రే, కాళ్ళ ముందు ఆ గాలి.
తెల్లారి ఆయన కోళ్ళ దగ్గరికి వెళ్ళగానే
ఎర్రతీగ ఊడదీసి,
ఊడినట్టు కనబడకుండా నల్ల టేపు చుట్టాను.
నెలాఖరుకి పదమూడు వస్తుంది,
పుస్తకం ముందు పెట్టి అప్పుడు చెబుదామనుకున్నాను.

పదకొండు వచ్చింది.

"బుడగలు కనబడ్డం లేదేమిటి?" అన్నాడొకసారి.
"ఇంజను ఆపి చూస్తే ఎలా కనబడతాయి?" అన్నాను.
నిజమే కదా అన్నాడు.

ఆ రోజు నుంచి దారి మానేసి
ఆయన కాలు చూడ్డం మొదలెట్టాను.
నలభై ఏళ్ళు పెడల్ని పాముని తొక్కినట్టు తొక్కిన మనిషి
ఇప్పుడు కింద గుడ్డున్నట్టు తొక్కుతున్నాడు.
ఎనభై ఐదు దాటడు.
డిక్కీలో ఏళ్ళుగా తిరుగుతున్న దాగలిని దింపేశాడు.
ప్రతి సోమవారం టైర్లకి గాలి.
అంతా సీసాకి మర్యాద.

యార్క్‌టన్ దారిలో ఎడమపక్క
రెల్లు మధ్య ఒక మడుగుందట.
ఇన్నాళ్ళూ దాన్ని దాటేశాం, చూడలేదు.
ఒకరోజు అందులో తొమ్మిది హంసలు,
ఇద్దరం ఒకేసారి లెక్కపెట్టాం.
నాకు తొమ్మిది, ఆయనకి పది.

డిసెంబరులో మైనస్ ముప్పై ఒకటి.
సీసా పగిలింది.
మంచుముద్దలో ఎనిమిది రేకులు
ఇరుక్కుపోయి బయటికొచ్చాయి.
దాన్ని రెండు చేతుల్లో పట్టుకొచ్చి
గుమ్మంలో నిలబడ్డాడు, బూట్లు విప్పకుండా.
"ఇంకోటుందా?"

చెప్పొచ్చు.
నా పుస్తకంలో ఒక్క అంకె అబద్ధం లేదు.
ఎందుకొచ్చిందో రాసే గడే
అందులో గీయలేదు, అంతే.

కిందికి దిగి మందపాటిది వెతికాను,
అంచు చెదరనిది.
అడుగున మిగిలిన ఆరు దోసకాయలూ పళ్ళెంలో వంచి,
సోంపాకు వాసన పోయేదాకా రెండుసార్లు కడిగాను.

"తీగ మాత్రం నేను బిగిస్తాను" అన్నాను.